పిల్లల మొదటి స్నార్కెలింగ్: అండమాన్‌లో ఏ తీరం, ఏ తిథి, ఏ గంట

ఐదారేళ్ల పిల్లలకి స్నార్కెలింగ్‌తో, అంటే మాస్కు, ఊపిరి గొట్టం పెట్టి నీటి మీద తేలుస్తూ, కిందున్న చేపలు చూపించాలని అండమాన్ టికెట్లు తీసుకున్నవాళ్లు ముందుగా అడిగేది 'ఏ బీచ్ బాగుంటుంది?' అని. బీచ్ పేరు చెబితే సగం జవాబే చెప్పినట్టు. పొద్దున ఎనిమిదింటికి చెరువులా ఉన్న చోటే పదకొండున్నరకి గాలి లేచి పిల్లలు దిగడానికి వీల్లేకుండా అయిపోతుంది. సోమవారం పదింటికి నడుము లోతున్న నీళ్లు శనివారం అదే వేళకి మోకాలి కిందికి దిగి, పగడాలు బయటపడి ఉండొచ్చు. తీరం, తిథి, గంట మూడూ కలిపి చూసుకోవాలి.

మన విశాఖ, భీమిలి తీరాల్లోనే నేర్పిస్తే పోలేదా అని కొందరంటారు. అక్కడ అలకి అడ్డుపడే పగడపు దిబ్బ లేదు. బంగాళాఖాతం అల నేరుగా వచ్చి ఒడ్డునే విరుగుతుంది, తిరిగి పోతూ కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది. నీళ్లలో మట్టి కలిసి ఉండటం వల్ల చాలా రోజుల్లో చెయ్యి చాపినంత దూరం కూడా స్పష్టంగా కనపడదు. మాస్కు పెట్టుకోవడం, గొట్టంతో ఊపిరి తీసుకోవడం మాత్రం ఇక్కడే, మీ ఊరి స్విమ్మింగ్ పూల్‌లో నేర్పించి తీసుకెళ్లండి. సముద్రంలో కొత్తది ఒక్కటే ఉండాలి, అది సముద్రం.

అండమాన్‌లో అందరూ చెప్పే పేర్లన్నీ పిల్లలకి పనికిరావు. స్వరాజ్ ద్వీప్, అంటే పాత హావ్‌లాక్‌లో రాధానగర్ చాలా అందమైన తీరమే, కానీ అక్కడ ఇసుకా అలలే తప్ప చూడ్డానికి పగడాలు లేవు. అదే ద్వీపంలో ఎలిఫెంట్ బీచ్‌లో పగడాలు ఒడ్డుకి దగ్గరగా ఉంటాయి. దానికి కారు దారి లేదు. జెట్టీ నుంచి పడవలో వెళ్లాలి, లేదా అడవిలోంచి నడవాలి. పిల్లలతో అయితే పడవే నయం. జనం ఎక్కువ కాబట్టి మొదటి పడవలోనే వెళ్లాలి. జాలీ బాయ్ అనే వేరే చిన్న ద్వీపంలో పగడాలు ఇంకా బాగుంటాయి, ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు కాబట్టి శుభ్రంగానూ ఉంటుంది. కానీ అక్కడ ఒడ్డు వదిలిన కొద్ది దూరంలోనే లోతు పెరుగుతుంది, పైగా పడవవాళ్లు చెప్పిన టైముకే దిగాలి, ఎక్కాలి. భయపడే పిల్లల్ని బుజ్జగించడానికి ఆ తొందర సరిపడదు.

మొదటిసారికి నా ఓటు షహీద్ ద్వీప్, అదే నీల్‌లోని భరత్‌పూర్ బీచ్‌కి. జెట్టీ పక్కనే ఉంటుంది. అడుగున ఇసుక, లోతు నెమ్మదిగా పెరుగుతుంది, బయట ఉన్న దిబ్బ అలని ముందే విరిచేస్తుంది. పిల్లలు నిలబడగలిగే లోతులోనే చిన్న చేపలు కనపడతాయి. ఇబ్బందులు రెండు. ఆటు బాగా దిగినప్పుడు నీళ్లు దూరం పోయి, పదునైన పగడపు ముక్కల మీద నడవాల్సి వస్తుంది. అడుగున అద్దం ఉన్న పడవలు, జెట్ స్కీలు తిరుగుతుంటాయి కాబట్టి వాటి దారికి బాగా పక్కకి, ఈతకి తాడు కట్టి వదిలిన చోటే దిగాలి.

ఇక తిథి. అండమాన్‌లో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి, రోజురోజుకీ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంటాయి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు ఆటుకీ పోటుకీ తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది. అంత నీరు ఆరు గంటల్లో రావాలి, పోవాలి కాబట్టి దిబ్బల సందుల్లో ప్రవాహం లాగుతుంది. అష్టమి దాటాక తేడా మీటరులోపే ఉంటుంది, ప్రవాహమూ మందగిస్తుంది. ప్రయాణాలకి అష్టమి నవములు వద్దంటారు మనవాళ్లు. స్నార్కెలింగ్‌కి మాత్రం నవమి, దశమి చాలా మంచి రోజులు, గంట అటూ ఇటూ అయినా నీటి మట్టం పెద్దగా మారదు. పౌర్ణమి దగ్గరే వెళ్లాల్సి వస్తే పోటు నిండడానికి ముందు రెండు గంటలు చూసుకోండి. నీరు ఒడ్డు వైపు వస్తుంటుంది, బయటి నుంచి తేటనీరు వస్తుంది. ఆటు మొదలైతే రెండూ తారుమారవుతాయి.

హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర సూచన ఇస్తుంది. అల ఎత్తు, గాలి, పోటు వేళలు అందులో చూడొచ్చు. అల ఎత్తు అర మీటరు అని ఉంటే అన్ని అలలూ అంతే అనుకోకండి. ఎక్కువ ఎత్తున్న మూడో వంతు అలల సగటు అది, మధ్యలో ఒకటి దానికి రెట్టింపు రావచ్చు. అలకీ అలకీ మధ్య వ్యవధి కూడా చూడండి. పన్నెండు సెకన్లు, ఆ పైన ఉంటే అల చిన్నదైనా ఒడ్డు మీదికి బలంగా ఎగబాకి, అంతే బలంగా వెనక్కి లాగుతుంది.

గాలి గంటకి పన్నెండు కిలోమీటర్లు దాటాక నీటి మీద తెల్లని నురగ తలలు లేస్తాయి. అవి దూరాన కనపడినా పిల్లల్ని దింపొద్దు. అంతకంటే మోసం చేసేది ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే గాలి. ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి, చూసినవాళ్లు ఇంతకంటే ప్రశాంతంగా ఉండదనుకుంటారు. అదే గాలి, ఈత ట్యూబ్ మీదున్న పిల్లల్ని నెమ్మదిగా లోపలికి తోసేస్తుంది. అండమాన్‌లో డిసెంబరులో కూడా ఆరుకల్లా తెల్లారిపోతుంది, సాయంత్రం ఐదుకే సూర్యుడు దిగిపోతాడు. ఏడున్నర నుంచి పదిలోపు పని ముగించుకుంటే గాలికీ ఎండకీ ముందే బయటపడతారు.

బీచ్‌కి వెళ్లగానే దిగకండి. అలలు గుంపులుగా వస్తాయి, కాసేపు చిన్నవి, తర్వాత నాలుగైదు పెద్దవి. అందుకే పావుగంట నిలబడి చూడాలి. పెద్దవి వచ్చినప్పుడు కూడా నీరు పిల్లల మోకాలు దాటకపోతే సరే. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో మాత్రం విరగకుండా ముదురు రంగు పట్టీలా ఉంటే, నీరు బయటికి పోయే దారి అదే. మోకాలి లోతుకి వెళ్లి ఒక ఎండుటాకు నీటి మీద వదలండి. నిమిషంలో పది అడుగులకి మించి కొట్టుకుపోతే ఆ చోటు వదిలేయండి. వాగు కలిసే చోట, మడ అడవి పక్కన అసలు వద్దు, అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో రాధానగర్ పక్కనున్న చిన్న సముద్రపు ఒంపులో ఒక పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. హెచ్చరిక బోర్డు ఉన్న చోట ఎవరు దిగుతున్నా మీరు దిగకండి.

సామాను దగ్గర అద్దె వస్తువుల్ని నమ్ముకోకండి. పిల్లల సైజు మాస్కు ఇంటి దగ్గరే కొనండి. పట్టీ వేయకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చమనండి, చెయ్యి వదిలినా మాస్కు నిలిస్తే సరిపోయినట్టు. జారితే ఆ కొలత కాదు. నుదుటి మీది వెంట్రుక ఒక్కటి సిలికాన్ అంచు కింద పడినా నీరు కారుతుంది, కాబట్టి ఆడపిల్లలకి జడ బిగించి వేయండి. పట్టీ మరీ బిగిస్తే అంచు మడతపడి ఇంకా కారుతుంది. కొత్త మాస్కుకి ఫ్యాక్టరీ పూత ఉంటుంది, తెల్ల టూత్‌పేస్టుతో అద్దం లోపల రెండు మూడుసార్లు రుద్ది కడగకపోతే అద్దం ఆవిరితో మసకబారుతూనే ఉంటుంది. దిగే ముందు చుక్క బేబీ షాంపూ రాసి తొలపండి.

పెద్దల గొట్టం పిల్లలకి పెట్టొద్దు. పొడవు, వెడల్పు ఎక్కువైతే వదిలిన గాలి బయటికి పోకుండా గొట్టంలోనే మిగిలి, మళ్లీ అదే లోపలికి వెళుతుంది. పిల్లల ఊపిరి చిన్నది కాబట్టి తొందరగా అలసిపోతారు, తల తిరుగుతుంది. మొహమంతా కప్పే మాస్కులోనూ ఇదే ఇబ్బంది, పైగా భయపడినప్పుడు పిల్లలు దాన్ని ఊడదీసుకోలేరు. అవి వద్దు.

లైఫ్ జాకెట్ మీద రాసిన బరువు పిల్లల బరువుకి సరిపోవాలి. వేశాక రెండు భుజాల దగ్గరా పట్టి పైకెత్తండి, చెవుల దాకా లేచిందంటే వదులు. ఒక చిక్కుంది: మామూలు జాకెట్ మనిషిని వెల్లకిలా తిప్పడానికే చేసింది. బోర్లా పడుకుని కిందికి చూడబోతే వెనక్కి తిప్పేస్తుంది, పిల్లలు మెడ బిగబట్టుకుని ఐదు నిమిషాల్లో ఏడుపు మొదలుపెడతారు. మీ చెయ్యి పొట్ట కింద వేసి, ఛాతీ ట్యూబ్ మీద ఆనేలా పడుకోబెట్టండి.

నీళ్లలో వరస ఇది. ముందు మోకాలి లోతులో కూర్చోబెట్టి మాస్కు ఒక్కటే పెట్టి మొహం ముంచమనండి. తర్వాత గొట్టం. గొట్టంలోంచి 'ఊ' అనమంటే ఊపిరి బిగబట్టడం తగ్గుతుంది. నీరు వస్తే 'తూ' అని గట్టిగా ఊదమనండి. ఆ తర్వాతే తేలడం. మీరెప్పుడూ పిల్లలకీ సముద్రానికీ మధ్యనే ఉండాలి. నీళ్లలో వస్తువులు మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనపడతాయి, అది ముందే చెప్పకపోతే వేలెడు చేపని చూసి కూడా జడుసుకుంటారు. మొదటిసారికి పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. నీరు వెచ్చగా ఉన్నా పిల్లల ఒంటి వేడి త్వరగా పోతుంది. పెదాలు నల్లబడితే, మాటలు తగ్గితే బయటికి తీసుకొచ్చేయండి. ఫెర్రీలో వాంతులు చేసుకున్న రోజు అసలు దింపొద్దు. పగడం గీసుకుంటే మంచినీళ్లతో, సబ్బుతో బాగా కడగాలి, లోపల సన్నని ముక్కలు మిగిలితే చీము పడుతుంది. మర్నాడు విమానం ఉందని బెంగ అక్కర్లేదు, నీళ్లలోంచి వచ్చిన వెంటనే విమానం ఎక్కకూడదనే నియమం గాలి సిలిండర్‌తో లోతుకి దిగే స్కూబాకి, నీటి పైన తేలేవాళ్లకి కాదు.

బయటికొచ్చాక పిల్లల జేబులు చూడండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద పగడాలకి రక్షణ ఉంది, ఒడ్డున పడిన చచ్చిన ముక్క తెచ్చినా తప్పే, విమానాశ్రయంలో సామాను తనిఖీలో ఆపేస్తారు. ఏరుకున్నవి అక్కడే ఇసుకలో పెట్టించి రండి.