పని నాది, ఫోటో ఆమెది

పెళ్లి గౌను తీసుకెళ్లడానికి వచ్చిన యువతి అద్దం ముందు నిలబడి, భుజాలు అటూ ఇటూ తిప్పి చూసుకుని ఎంతో సంతోషించింది. దుకాణం పేజీలో పెట్టుకోవడానికి భుజం మీది పూసల పని ఒక్కటి ఫోటో తీసుకోవచ్చా అని మా యజమానురాలు అడిగితే మాత్రం నవ్వుతూనే వద్దన్నది. కారణం ఆమె చెప్పలేదు, యజమానురాలు అడగలేదు. ఫోను సొరుగులో పెట్టి రసీదు రాయడం మొదలుపెట్టింది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఒక చిన్న కుట్టు దుకాణంలో పనిచేస్తున్న నాకు ఆ 'వద్దు' చాలా రోజులు మనసులో కలుక్కుమంటూనే ఉంది.

ఎందుకంటే ఆ భుజాలు నా చేతి పని. అది ఆ అమ్మాయి తల్లి పెళ్లినాటి గౌను. భుజాల దగ్గరి వల పసుపుబారి చిరిగిపోయింది. దాని మీది గాజు పూసలను ఒక్కొక్కటిగా విప్పి, సైజుల వారీగా గిన్నెల్లో వేరుచేసి, కొత్త వలను చిన్న చట్రానికి బిగించి, పాత డిజైను చెదరకుండా ఆరి సూదితో, అంటే కొసన కొక్కెం ఉండే మగ్గం సూదితో, మళ్లీ కుట్టాను. హనుమకొండలో మగ్గం పని నేర్పిన మా మేడమ్ పూస ఎక్కించడం కంటే ముందు దారం కొస ముడి వేయడం నేర్పింది. ఆరి కుట్టు గొలుసు కుట్టు కాబట్టి, చివరి లంకె సరిగా బిగించకపోతే ఒక్క దారం లాగితే చాలు, వరుస వరుసంతా ఊడి వస్తుంది. అంత జాగ్రత్తగా చేసిన పని నా దగ్గర ఒక్క ఆనవాలు కూడా మిగలకుండా వెళ్లిపోయిందనేదే నా బాధ.

ఇదే పని మన దగ్గర చేసి ఉంటే కస్టమర్ ఇంటికి చేరకముందే షాపు స్టేటస్‌లో కనిపించేది. ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి ముందు చేరే ఆడవాళ్లలో సగం మంది ఒకరి బ్లౌజు మరొకరు చూసి ఏ షాపులో కుట్టించావని అడిగేవాళ్లే. దర్జీకి అంతకు మించిన ప్రచారం లేదు. పెళ్లి కూతుళ్లు కూడా పెళ్లి ఫోటోలు రాగానే తామే పంపించి "అక్కా, నీ పేజీల పెట్టుకో" అంటారు. మా వదిన షాపులో గోడ నిండా ఉన్నవి అట్లా వచ్చిన ఫోటోలే. ఇక్కడ పరిచయమైన కొందరు తెలుగువాళ్లు మనవాళ్లకు అడిగి పెట్టుకునే అలవాటే లేదని తేలిగ్గా మాట్లాడినప్పుడు నాకు కోపం వస్తుంది. అడిగే అలవాటు మనకూ ఉంది. అది కాగితం మీద కాక, కొలతలు తీసుకుంటూ, ఇంటి మంచిచెడ్డలు మాట్లాడుకుంటూ నడుస్తుంది. అట్లా మాట్లాడుకునే చోట సంతకం అడిగితే పరాయివాళ్లను చేసినట్టు అనిపిస్తుంది.

అయినా ఆ 'వద్దు' వెనుక ఏముందో తెలుసుకోవాలనిపించి యజమానురాలిని అడిగాను. పెళ్లికి ముందు వరుడు గౌను చూడకూడదనే ఆచారం ఇక్కడ ఉందని, కారణం అది కావచ్చు, కాకపోవచ్చు, అది తెలుసుకోవడం మన పని కాదని చెప్పింది. తర్వాత ఈ దేశపు చట్టం కథ చెప్పింది. 1898లో జర్మనీ తొలి ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు ఆయన శవం ఉన్న గదిలోకి దొంగచాటుగా దూరి ఫోటో తీశారు. దాన్ని అమ్ముకోబోతే కుటుంబం కోర్టుకు వెళ్లి ఆపించింది. ఆ అలజడి తర్వాత 1907లో వచ్చిన చట్టం, మనిషి రూపం ఉన్న చిత్రాన్ని ఆ మనిషి అనుమతి లేకుండా పంచకూడదని, బహిరంగంగా ప్రదర్శించకూడదని రాసింది. మనిషి చనిపోయాక కూడా 10 సంవత్సరాల వరకు దగ్గరివాళ్ల అనుమతి కావాలని అందులోనే ఉంది. ముఖం కనిపించకపోయినా, తెలిసినవాళ్లు ఫలానా మనిషి అని గుర్తుపట్టగలిగితే అది ఆ మనిషి చిత్రమేనని ఇక్కడి కోర్టులు చెబుతాయి. 2018 మే 25 నుంచి అమల్లోకి వచ్చిన యూరప్ డేటా రక్షణ నియమాల ప్రకారం, ఒకసారి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం కూడా ఇచ్చినంత సులువుగానే ఉండాలి.

ఆ సంగతి నా మీదికే వచ్చినప్పుడు నాకు ఇంకా బాగా అర్థమైంది. నేను చట్రం మీద కుడుతుండగా నా చేతుల ఫోటో ఒకటి తీసుకుంటానని యజమానురాలు ఒక కాగితం నా ముందు పెట్టింది. నా ఎడమ మణికట్టు మీద, చిన్నప్పుడు అమ్మమ్మ పట్టుబట్టి పొడిపించిన పచ్చబొట్టు ఉంది. ఆ చుక్కలు చూసి నన్నెవరైనా గుర్తుపట్టవచ్చు కాబట్టి అడుగుతున్నానన్నది. ఉద్యోగి ఫోటో వాడుకోవాలంటే రాతపూర్వక అనుమతి కావాలని ఇక్కడి సర్వోన్నత కార్మిక న్యాయస్థానం 2015లో చెప్పిందని, నేను కాదన్నంత మాత్రాన నా ఉద్యోగానికి ఏ ఇబ్బందీ రాదని కూడా విడమర్చి చెప్పింది. నేను పనిచేసిన ఏ చోటా నా చేతుల గురించి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. చదివి సంతకం పెడుతుంటే గొంతు పూడుకుపోయింది.

ఈ దేశంలో ఈ జాగ్రత్త కొన్నిసార్లు హద్దు దాటుతుందనీ అనిపిస్తుంది. 2010లో గూగుల్ వీధుల చిత్రాలు పెట్టబోతే, మా ఇల్లు కనబడకుండా మసకబార్చండి అని ఇక్కడ 2,44,000కు పైగా ఇళ్లవాళ్లు కోరారు. పండుగకు వాకిట్లో ముగ్గు వేసి, పదిమంది చూసి మెచ్చుకుంటే మురిసిపోయే ఊరి నుంచి వచ్చిన నాకు, వీధిలో నిలబడితే ఎవరికైనా కనబడే గోడను దాచుకోవడంలోని సుఖం ఇప్పటికీ అంతుపట్టదు.

కానీ మా చిన్నమ్మ కూతురికి జరిగింది తలచుకుంటే ఈ జాగ్రత్త విలువ తెలుస్తుంది. నిశ్చితార్థం బ్లౌజు బాగా కుదిరిందని, తను తొడుక్కుని వెనుక నుంచి తీయించుకున్న ఫోటోను కుట్టిన షాపుకు వాట్సాప్‌లో పంపింది. షాపువాళ్లు దాన్ని తమ పేజీలో పెట్టారు. అక్కడి నుంచి వేరే ఊరి షాపు ఒకటి తీసుకుని, తామే కుట్టినట్టు ఫ్లెక్సీ మీద వేయించింది. ముఖం లేకపోయినా జడను, జడకు పెట్టుకున్న బిళ్లలను చూసి చుట్టాలు గుర్తుపట్టారు. అత్తగారి వైపు పెద్దమనిషి ఒకరు నలుగురిలో ఆ మాట ఎత్తేసరికి చిన్నమ్మ తలదించుకోవలసి వచ్చింది. తప్పు ఏమీ లేని పిల్ల వారం రోజులు గది దాటి రాలేదు. ఒకప్పుడు చౌరస్తాలో స్టూడియో అద్దాల వెనుక పెట్టిన పెళ్లి ఫోటోను ఆ దారిన పోయేవాళ్లు మాత్రమే చూసేవారు. నేటి ఫోటో గల్ఫ్‌లో ఉన్న మేనమామ ఫోనులోకి అదే రోజు చేరుతుంది. అభిమానంగా పంపిన ఫోటో షాపువాళ్లు చూసి సంతోషించడానికి మాత్రమేనని, పదిమందికి చూపించడానికి మళ్లీ అడగాలని మన దగ్గర చాలామంది అనుకోరు.

మన చట్టాలు కూడా ఇందులో వెనుకబడి లేవు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫోటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు తీయించుకున్నవాళ్లదే. అంటే పెళ్లి ఫోటోలను ప్రచారానికి వాడుకోవాలంటే స్టూడియోవాళ్లు ఆ దంపతులను అడగాలి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, అనుమతి స్వేచ్ఛగా, ఫలానా పనికి అని స్పష్టంగా ఉండాలని, వెనక్కి తీసుకోవడం ఇచ్చినంత సులువుగా ఉండాలని అంటుంది. మా యజమానురాలు చెప్పిన మాటలకు వీటికి పెద్ద తేడా నాకు కనబడలేదు.

ఇవన్నీ ఫోనులో చెబితే వదిన మొదట ఒప్పుకోలేదు. "కాయితం ముందల పెడితే ఏందో అనుకోని కస్టమరు వేరే షాపుకు పోతది" అన్నది. ఆమె భయంలో న్యాయం ఉంది కాబట్టి కాగితం మాట వదిలేశాను. ఆది జాకెట్టు తీసుకుని కొలతలు రాసేటప్పుడే, బ్లౌజు ఒక్కటే బొమ్మకు తొడిగి తీసుకోవచ్చా, తొడుక్కున్నాక వెనుక వైపు తీసుకోవచ్చా, ముఖంతో సహా పెట్టుకోవచ్చా అని అడిగి, జవాబును కొలతల పుస్తకంలో మెడ కొలత పక్కనే రాసుకోమన్నాను. బొమ్మకు తొడిగి తీసిన ఫోటోలో మనిషి ఉండదు కాబట్టి చిక్కు తక్కువ. అయినా పెళ్లి కాకముందు పెట్టవద్దన్నాను. తర్వాత ఎప్పుడు తీసేయమన్నా కారణం అడగకుండా తీసేయాలని, చిన్నపిల్లల పరికిణీల ఫోటోలకు తల్లిదండ్రులను తప్పకుండా అడగాలని కూడా చెప్పాను. ఇంతవరకు వదిన సరేనన్నది.

పని చేసినవాళ్ల పేరు దగ్గరే మాట కుదరలేదు. మన పట్టణాల్లో మగ్గం మీద కూర్చునే కారిగార్లలో బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. నేను ఇక్కడికి వచ్చినట్టే వాళ్లూ ఇల్లు వదిలి వచ్చినవాళ్లు. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చాక వరంగల్ కొత్తవాడలో నేసే దరీలకు, అంటే నేల మీద పరిచే తివాచీలకు, ఊరి పేరైనా రక్షణగా ఉంది. వాటిని నేసినవాళ్ల పేరు, బ్లౌజు మీద పువ్వు కుట్టినవాళ్ల పేరు ఏ ఫోటో కిందా ఉండదు. ఇక్కడ మా పేజీలో నా చేతుల ఫోటో కింద, నన్ను అడిగి, నా పేరు రాశారు. అట్లాగే మీ కారిగారు పేరూ రాయండి వదినా అంటే, పేరు రాస్తే పక్క షాపువాళ్లు ఎక్కువ జీతం ఇచ్చి తీసుకుపోతారన్నది. అయితే ఆ ఎక్కువ జీతం మీరే ఇవ్వండి అన్నాను. బతుకమ్మ ఆర్డర్లు అయిపోయాక చూద్దాంలే అని ఫోను పెట్టేసింది.