ఎవరి సంచికి ఎవరి ముద్ర

బాగ్దాదు నగరంలో 1868 నుంచి భారతీయ తపాలా కార్యాలయం ఒకటి పనిచేసింది. ఆ నేల ఆటోమన్ సుల్తానుది. అక్కడ అమ్మిన తపాలా బిళ్ళల మీద ఉన్నది విక్టోరియా రాణి బొమ్మ, వాటి వెల అణాలలో. బాగ్దాదు ముద్ర పడిన అటువంటి కవరు చిత్రాన్ని మొదటిసారి చూసినప్పుడు, తపాలా అంటే ఉత్తరాలు మోసే ఏర్పాటు మాత్రమే అనుకుంటూ వచ్చిన నా అవగాహన చాలదని అర్థమైంది. ఒక రాజ్యం తన ఉత్తరాన్ని ఎవరి చేతిలో పెట్టడానికి ఒప్పుకుంటుంది, ఎవరి చేతిలో పెట్టడానికి ఒప్పుకోదు అన్న ప్రశ్న ద్వారానే వలసపాలన కాలపు తపాలా చరిత్ర సరిగా బోధపడుతుందని అప్పటినుంచి నా నమ్మకం.

బాగ్దాదు ఒక్కటే కాదు, బస్రా, బుషైర్, మస్కట్, జాంజిబార్‌లలోనూ భారతీయ తపాలా కార్యాలయాలు ఉండేవి. ఇస్తాంబుల్‌లో ఆస్ట్రియా, ఫ్రాన్సు, రష్యా, బ్రిటన్, జర్మనీ, ఇటలీ ఎవరికి వారు సొంత తపాలా నడుపుకున్నారు. షాంఘైలోనూ ఇటువంటి పరిస్థితే. స్థానిక తపాలా నమ్మదగినది కాదన్నది వారు చెప్పిన కారణం. ఆ మాటలో కొంత నిజం ఉంటే ఉండవచ్చు గాని, పరాయి గుమాస్తా చేతిలో పడిన ఉత్తరం గతి ఏమవుతుందో యూరపు రాజ్యాలకు సొంత నిర్వాకం వల్లనే బాగా తెలుసు. పద్దెనిమిదో శతాబ్దపు వియన్నాలో రాయబారుల ఉత్తరాలను విప్పి, నకలు రాసుకుని, అనుమానం రాకుండా మళ్ళీ లక్క వేసి పంపే రహస్య విభాగం ఉండేది. లండన్ తపాలా కార్యాలయంలోనూ అదే పని జరిగింది. అక్కడ గూఢలిపిని ఛేదించే ఉద్యోగం విల్స్ అనే కుటుంబం చేతిలో తరతరాలుగా సాగింది; ఆ కుటుంబానికి చెందిన ఎడ్వర్డ్ విల్స్ ఒకవైపు ఆ పని చేస్తూనే మరోవైపు బిషప్పు పదవిలో ఉన్నాడు. లండన్‌లో తలదాచుకున్న ఇటలీ దేశభక్తుడు మాజినీ ఉత్తరాలను విప్పి చదివిన సంగతి 1844లో బయటపడి, పార్లమెంటులో పెద్ద దుమారం రేగిన తరువాత గాని ఆ ఏర్పాటును ఎత్తివేయలేదు. ముఖ్యమైన దౌత్యపత్రాలను మామూలు తపాలాలో వేయకుండా, వెండి వేటకుక్క గుర్తును ధరించిన ప్రత్యేక దూతల చేతికి ఇచ్చి పంపడం వెనుక ఉన్నది ఈ భయమే.

రహస్యం నిలవకపోతే రాజ్యమే పోతుందని టిప్పు సుల్తాను ఉదంతం చెబుతుంది. ఫ్రెంచివారి సాయం కోరుతూ ఆయన మారిషస్‌కు రహస్యంగా దూతలను పంపాడు. అక్కడి ఫ్రెంచి గవర్నరు మలార్టిక్ 1798 జనవరిలో, టిప్పు పక్షాన పోరాడటానికి ముందుకు రండని బహిరంగ ప్రకటనే వెలువరించాడు. దాని ప్రతి కొన్ని నెలల్లో కలకత్తాకు చేరింది, గవర్నర్ జనరల్ వెల్లస్లీకి యుద్ధానికి కావలసిన సాకు దొరికింది. మరుసటి జనవరిలో కైరో నుంచి నెపోలియన్ టిప్పుకు రాసిన ఉత్తరం ఎర్రసముద్రం దాటకముందే ఆంగ్లేయుల చేతికి చిక్కింది. ఆ మే 4వ తేదీన శ్రీరంగపట్నం పడిపోయింది, తన పేర రాసిన ఆ ఉత్తరాన్ని చూడకుండానే టిప్పు మరణించాడు. ఈ కథలో నన్ను అన్నిటికన్నా బాధించేది ఆ చేరని ఉత్తరమే.

యుద్ధం అవసరం లేని చోట ఈస్టిండియా కంపెనీ ఒడంబడికలతోనే దారులు మూసింది. తమకు తెలియపరచకుండా, తమతో సంప్రదించకుండా మరే రాజ్యంతోనూ మంతనాలు జరపరాదన్న షరతు 1800లో నిజాముతో కుదుర్చుకున్న సంధిలో ఉంది. అంటే హైదరాబాదు దౌత్యం మొత్తం అక్కడి కంపెనీ ప్రతినిధి అయిన రెసిడెంటు కనుసన్నల్లోకి వచ్చింది. విచిత్రమేమిటంటే, రాయడానికి ఉన్న స్వేచ్ఛ ఇంతగా కుదించుకుపోయిన కాలంలోనూ ఉత్తరం వైభవం తగ్గలేదు. గవర్నర్ జనరల్‌కూ సంస్థానాధీశులకూ మధ్య నడిచిన ఖరీతాలనే లేఖలను బంగారు పొడి చల్లిన కాగితం మీద మున్షీలు దిద్దినట్టు రాసేవారు; దానిని జరీ సంచిలో పెట్టి, తాడు కట్టి, ఆ తాడుకు పెద్ద లక్క ముద్ర వేలాడదీసేవారు. ఖరీతా అన్న మాటకు అర్థమే సంచి. ఆ సంచి అందుకోవడానికి దర్బారు తీర్చేవారు.

ఇక దూరం సంగతి. గుడ్ హోప్ అగ్రం చుట్టి వచ్చే తెరచాప ఓడలో ఇంగ్లండు ఉత్తరం చేరడానికి ఐదారు నెలలు పట్టేది, జవాబుతో కలిపి ఏడాది. 1830లో హ్యూ లిండ్సే అనే పొగ ఓడ బొంబాయి నుంచి సూయజ్‌కు దాదాపు నెల రోజుల్లో వెళ్ళింది. థామస్ వాగ్‌హార్న్ అనే పట్టుదల గల మనిషి ఈజిప్టు నేల మీదుగా ఉత్తరాలు చేరవేసి చూపాడు. సూయజ్ దగ్గర ఓడ దిగిన పెట్టెలు ఒంటెల మీద ఎడారి దాటేవి. ఈ దారిలో బొగ్గు నింపుకోవడానికి పనికివస్తుందనే 1839లో కంపెనీ ఏడెన్‌ను ఆక్రమించింది. మాల్టా దగ్గర మాత్రం అంటురోగాల భయంతో ఉత్తరాలకు గంట్లు పెట్టి పొగ పట్టించేవారు. 1869లో సూయజ్ కాలువ, 1870లో బొంబాయి దాకా సముద్రపు తంతి వచ్చాయి. ఏడాదిపాటు లండన్ మాట వినబడనందువల్ల సొంతంగా యుద్ధాలు చేసిన గవర్నర్ జనరళ్ళ కాలం దానితో ముగిసింది.

1874లో బెర్న్ నగరంలో కుదిరిన సంధితో తపాలా సమితి ఏర్పడింది, దేశాల మధ్య ఉత్తరానికి దాదాపు ఒకే రేటు అన్న సూత్రం స్థిరపడింది. 1876 జూలై 1న భారతదేశం అందులో చేరింది. స్వాతంత్ర్యానికి 71 ఏళ్ళ ముందే అంతర్జాతీయ సంస్థలో మన పేరు ఉందని గర్వంగా చెప్పుకోవచ్చు గాని, ఆ పేరు మీద మాట్లాడింది బ్రిటిషు అధికారులు. 1898 సంవత్సరం ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. ఆ డిసెంబరు 25న బ్రిటన్‌కు ఉత్తరం ఖర్చు రెండున్నర అణాల నుంచి ఒక్క అణాకు దిగింది. భారత తపాలా చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే. ప్రజాభద్రత పేరుతో ఎవరి ఉత్తరాన్నయినా ఆపే అధికారం దాని 26వ సెక్షను ప్రభుత్వానికి ఇచ్చింది. ఉత్తరం చవక కావడమూ, అది నిఘా కిందికి రావడమూ ఒకే ఏడాదిలో జరగడాన్ని నేను యాదృచ్ఛికంగా చూడలేను.

ఆటోమన్ ప్రభుత్వం 1914 అక్టోబరు 1న విదేశీ తపాలా కార్యాలయాలను మూయించింది, వాటిలో బాగ్దాదుదీ ఒకటి. చైనాలోనివి వాషింగ్టన్ సమావేశం తీర్మానం మేరకు చాలావరకు 1922 ముగిసేనాటికి మూతపడ్డాయి. టిబెట్‌లో యాటుంగ్, ఫారీ, గ్యాంట్సే ఊళ్ళలో బ్రిటిషువారు నెలకొల్పిన తపాలా కార్యాలయాలు మాత్రం స్వతంత్ర భారతానికి వారసత్వంగా వచ్చాయి. 1954 ఒప్పందాన్ని అనుసరించి మరుసటి ఏడాది ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం వాటిని చైనాకు అప్పగించింది.