ఒక సినిమా, నాలుగైదు ఆల్బమ్‌లు: మా ఇంటి పాటల సర్వర్‌తో నా అనుభవం

మనకి మాయాబజార్ (1957) ఒక్క సినిమానే. మా ఇంటి సర్వర్‌కి (పాటలన్నీ దాచి ఫోన్లకి వినిపించే కంప్యూటర్‌కి) మాత్రం అది నాలుగైదు ఆల్బమ్‌లు. ఘంటసాల, పి.లీల కలిసి పాడినవి ఒకచోట, సుశీల గొంతు వినిపించే ‘అహ నా పెళ్ళంట’ ఇంకోచోట. మాధవపెద్ది సత్యం ‘వివాహ భోజనంబు’ ఒక్కటే విడిగా ఓ ఆల్బమ్. నాన్న ఫోన్లో చూసి, “ఏట్రా ఇది, ఒక్క సినిమాని ఇన్ని ముక్కలు సేసీసినావు?” అన్నారు.

విశాఖ సీతమ్మధారలో మా ఇంట్లో మూలనపడ్డ లాప్‌టాప్ మీద ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, డాకర్‌లో (ప్రోగ్రాముల్ని విడి డబ్బాల్లా నడిపే సాఫ్ట్‌వేర్‌లో) నావిడ్రోమ్ అనే పాటల సర్వర్ ప్రోగ్రాం నడుపుతున్నాను. పాటలన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఫోల్డర్లకి సినిమాల పేర్లు పెట్టి ఎంత చక్కగా సర్దినా నావిడ్రోమ్ వాటిని పట్టించుకోదు, ఫైల్ లోపలి ట్యాగులే (పాట, గాయకులు, ఆల్బమ్ పేర్లు రాసుండే గడులే) చూస్తుంది. ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ గడి ఖాళీగా ఉంటే పాడినవాళ్ల పేరే అక్కడ కూడా వేసేసుకుంటుంది, ఆ పేరు మారితే వేరే ఆల్బమ్ అనుకుంటుంది. మొత్తం ఒక్కరే పాడిన ఆల్బమ్ అయితే ఇబ్బంది లేదు. మన సినిమాల్లో పాటకో గొంతు కదా, అక్కడొస్తుంది చిక్కు.

దీనికి రెండు దారులున్నాయి. కంపైలేషన్ (పలువురి పాటల సంకలనం) అని గుర్తు పెడితే ముక్కలు అతుక్కుంటాయి కానీ, ఆ సినిమాలన్నీ ‘వేరియస్ ఆర్టిస్ట్స్’ అనే ఒకే పేరు కింద పోగుపడతాయి. అందులో వెతుక్కునే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు. అందుకే రెండో దారి పట్టాను: ఆల్బమ్ ఆర్టిస్ట్ దగ్గర సంగీత దర్శకుడి పేరు. ట్యాగులు దిద్దే కిడ్3 అనే ప్రోగ్రాంలో సినిమా ఫోల్డర్ మొత్తం సెలెక్ట్ చేసి ఒక్కసారే రాసేయొచ్చు.

మరి మాయాబజార్‌కి ఎవరి పేరు రాయాలి? టైటిల్స్‌లో ఉన్నది ఘంటసాల. కానీ మొదట ఒప్పుకున్నది సాలూరి రాజేశ్వరరావు. ఆయన నాలుగు పాటలకి బాణీలు కట్టి తప్పుకున్నాక మిగతా పని ఘంటసాల పూర్తిచేశారు. “సాలూరు ఆయన పేరే ఉండాల” అని నాన్న పట్టు. ఈ ప్రాంతం అభిమానమనుకుంటే ఘంటసాల సంగీతం నేర్చుకున్నదీ విజయనగరంలోనే! చివరికి ఆల్బమ్ ఆర్టిస్ట్‌గా ఘంటసాలనే ఉంచి, ఆ నాలుగు పాటలకి మాత్రం కంపోజర్ గడిలో సాలూరి పేరు రాశాను.

ఇంటి పేరుకి, అసలు పేరుకి మధ్య ఒక చుక్క తేడా వచ్చినా సర్వర్‌కి వేరే మనిషే. బాలసుబ్రహ్మణ్యం గారు ఇంగ్లీషు స్పెల్లింగులో ఎన్ని అవతారాలెత్తారో చెప్పలేను. అందుకని పేర్లన్నీ తెలుగులోకి మార్చేశాను. యుగళగీతాల్లో రెండు పేర్ల మధ్య కామా పెడితే రెండూ కలిపి ఒకే గాయకుడిగా కనిపించాయి. సెమీకోలన్ పెట్టి మళ్లీ స్కాన్ చేశాక (సర్వర్ ఫైళ్లన్నీ తిరిగి చదివాక) విడిపోయాయి.

కొన్ని పాత ఫైళ్లలో తెలుగు పేర్లు వరసగా ప్రశ్నార్థకాలై ఉన్నాయి. ఒకసారి అలా సేవ్ అయ్యాక అసలు అక్షరాలు ఫైల్లో ఉండవు, మళ్లీ టైపు చెయ్యడమే గతి. ఐడీ3 (ఎంపీ3 ఫైళ్లలో ట్యాగులు రాసే పద్ధతి) మొదటి వెర్షన్ ట్యాగులైతే పూర్తిగా తీసేశాను. వాటిలో పాట పేరుకి 30 బైట్లే చోటు. అక్షరాల్ని ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు కావాలి, అంటే పల్లవి సగం కూడా పట్టదు. ఇప్పుడన్నీ 2.4 వెర్షన్, యూటీఎఫ్-8.

ఇంతా చేశాక, ఓ వానరాత్రి కరెంటు పోయి వచ్చేసరికి లైబ్రరీలో ఒక్క పాట లేదు. డిస్కు మౌంట్ కాకముందే (సిస్టమ్‌కి అతుక్కోకముందే) డాకర్ లేచి, ఖాళీ ఫోల్డర్‌ని స్కాన్ చేసేసింది. కొత్త నావిడ్రోమ్ దొరకని ఫైళ్లని వెంటనే చెరిపేయకుండా ‘మిస్సింగ్’ కింద ఉంచుతుంది కాబట్టి, డిస్కు తగిలించి మళ్లీ స్కాన్ చేస్తే నాన్న పెట్టుకున్న గుండె గుర్తులతో సహా అన్నీ తిరిగొచ్చాయి. ఏ డిస్కు ఎక్కడ మౌంట్ అవ్వాలో రాసే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో డిస్కుని యూయూఐడీతో (దాని ప్రత్యేక గుర్తింపు సంఖ్యతో) రాసి ‘నోఫెయిల్’ చేర్చాను. డాకర్ సర్వీసుకి ఆ మౌంట్ అయ్యేదాకా మొదలవ్వొద్దని ఇంకో లైను కలిపాను. నోఫెయిల్ ఒక్కటే పెడితే డిస్కు లేకపోయినా సిస్టమ్ లేచిపోతుంది, అప్పుడు పాత కథే. రెండూ కావాలి.