కప్పారావుకి ఆతిథ్యం

మా తమ్ముడి కూతురు హైదరాబాద్‌లో రెండో తరగతి చదువుతోంది. వాళ్ల క్లాసుకి ఒక బొమ్మ ఉంది. ఆకుపచ్చ ఊలుతో అల్లిన కప్ప. జానెడు ఒళ్లు, మూరెడు కాళ్లు. పిల్లలంతా కలిసి దానికి కప్పారావు అని పేరు పెట్టారు. ఏడాది పొడుగునా ఆ కప్ప పోస్టులో ఒక్కో పిల్లాడి చుట్టాలింటికి వెళ్తుంది. అక్కడ నాలుగు చోట్లు తిరిగి, ఫొటోలు దిగి, డైరీ రాయించుకుని మరో ఊరికి బయల్దేరుతుంది. మా పిల్ల వంతు వచ్చినప్పుడు "మా అత్త వాళ్లది బరంపురం, అక్కడ సముద్రం ఉంది" అని చెప్పేసిందట. మాది ఒడిశాలోని బరంపురం. సముద్రం మా ఇంటి నుంచి పదిహేను కిలోమీటర్లు, గోపాల్‌పూర్ దాకా వెళ్లాలి. ఆ సంగతి నన్నెవరూ అడగలేదు.

బొమ్మల్ని ఇలా ఊళ్లు తిప్పడం కొత్తేమీ కాదట. 1995లో కెనడాలో డేల్ హ్యూబర్ట్ అనే టీచర్ మొదలుపెట్టాడు. ఒక పిల్లల కథలోని పిల్లాడి బొమ్మను కాగితం మీద గీసి, కత్తిరించి, వేరే బళ్లకు పంపేవాళ్లు. అందుకున్నవాళ్లు అది ఏం చూసిందో, ఏం చేసిందో రాసి తిప్పి పంపాలి. పిల్లలకు రాయడం మీద ఇష్టం పుట్టాలని ఆయన ఆలోచన. టోక్యోలో ఉనగి ట్రావెల్ అని ఒక సంస్థ బొమ్మల్ని మాత్రమే టూర్లకు తీసుకెళ్తుంది. జబ్బుతో కదల్లేనివాళ్లు, తీరిక లేనివాళ్లు డబ్బు కట్టి తమ బొమ్మను పంపి, ఫొటోలు చూసుకుంటారు. తమ్ముడు ఫోన్‌లో ఇవన్నీ చెబుతుంటే మా ఆయన పక్కనుంచి, "బొమ్మగా పుట్టినా బాగుండేది" అన్నారు.

సంక్రాంతి వెళ్లాక పార్సిల్ వచ్చింది. అట్టపెట్టె నిండా పెన్సిల్‌తో పొడిచిన చిల్లులు. కప్పకి ఊపిరి ఆడాలని పిల్లలు చేసిన పని. లోపల కప్పారావు, ఒక లావుపాటి నోటు పుస్తకం, టీచరమ్మ రాసిన కాగితం. బొమ్మను ఉతకకూడదు, రంగు దిగుతుంది. ఇతర పిల్లల మొహాలు ఫొటోల్లో పడకూడదు. ప్రతి ఫొటోలో కప్పారావు ఉండాలి. డైరీ మాత్రం కప్పారావే చెబుతున్నట్టు రాయాలి. ఈ చివరి నిబంధన చదివాక నాకు కాస్త టెన్షన్ పట్టుకుంది. ఇంట్లో పద్దులు రాయడం తప్ప నాకు రాత అలవాటు లేదు.

మొదటి పేజీ ఎలాగో రాశాను. "నేను బరంపురం వచ్చితిని. ఇది పట్టుకు ప్రసిద్ధి. భారత రాష్ట్రపతి వి.వి. గిరి గారు 1894లో ఇక్కడే జన్మించిరి" అంటూ. చదివి వినిపిస్తే మా అత్తగారు, "కప్పకి గిరిగారితో ఏం పని?" అన్నారు. ఆ వారం వీడియో కాల్‌లో పిల్లలు అడిగిన ప్రశ్నలు విన్నాక ఆవిడన్నదే నిజమనిపించింది. కప్పారావు ఎక్కడ పడుకున్నాడు? ఆటోలో వాడికి డబ్బులు తీసుకున్నారా? ఎండకి కళ్లు మండాయా? మీ ఇంట్లో పిల్లి ఉందా? రాష్ట్రపతి ఊసు ఒక్కడూ ఎత్తలేదు. ఆ పేజీకి పైన ఒక ఫొటో అంటించి కప్పేశాను. అప్పట్నుంచి కప్పకి ఏం జరిగిందో అదే రాయడం మొదలుపెట్టాను. రాత దానంతటదే వచ్చింది.

ఫొటోల విషయంలో ఒక చిట్కా చెప్పాలి. మనం నిలబడి తీస్తే బొమ్మ చీమంత కనిపిస్తుంది, వెనకున్నదేమో అసలు పడదు. ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుంటే కెమెరా కన్ను నేలకి దగ్గరగా వస్తుంది. అలా నేలకి ఆనించి తీస్తే కప్పారావు మనిషంత ఎత్తున నిలబడతాడు, వెనక గోపాల్‌పూర్ దీపస్తంభం కూడా పూర్తిగా పడుతుంది. ఈ వయసులో ఇసకలో బోర్లా పడుకోవడానికి సిగ్గుపడకూడదు, అంతే.

గోపాల్‌పూర్ పొద్దున్నే వెళ్లాం. వలలు లాగే వేళ. అక్కడి జాలరులను ఒడియావాళ్లు నోలియాలంటారు. వాళ్లలో చాలామంది ఇళ్లలో తెలుగే. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు ఆ ఒడ్డుకి వెళ్లాను గానీ ఎవరితోనూ రెండు మాటలు మాట్లాడింది లేదు. ఫోన్ తీస్తే మొహం తిప్పేసుకునేవారు. చేతిలో కప్ప ఉండేసరికి వాళ్లే పిలిచారు. చేపలు ఏరుతున్న ఒకామె వాణ్ణి లాక్కుని బుట్టలో కవళ్ల చేపల మీద కూర్చోబెట్టింది. "వీణ్ణి కూడా వేలంలో పెట్టేయమంటావా అక్కా?" అంది. పక్కనున్నతను పది రూపాయలకి పాట మొదలుపెట్టాడు. పాట నలభై దాకా వెళ్లింది. మా ఆయన నిజంగా కంగారుపడి యాభై అన్నారు. ఆ కేకలన్నీ డైరీలో ఉన్నదున్నట్టు రాశాను.

ఒడ్డున పాత రేవు తాలూకు స్తంభాలు కొన్ని మిగిలాయి. ఒకప్పుడు ఇక్కణ్ణుంచి రంగూన్‌కి ఓడలు వెళ్లేవి, కూలికి వెళ్లే జనం ఈ రేవులోనే ఎక్కేవారు. మా అత్తగారి తాత అలా వెళ్లి తిరిగి రాలేదు. కప్పారావుని ఆ స్తంభాల దగ్గర పెట్టి ఫొటో తీశాం గానీ, దాని కింద ఏం రాయాలో ఎంతసేపటికీ తోచలేదు. "ఇక్కడ ఓడ ఎక్కొచ్చు అన్నారు. నేను ఎక్కలేదు" అని రాసి వదిలేశాను.

నేత వీధికి వెళ్లడం మాత్రం మాకు సులువే. పెద్ద బజారులో మా ఆయనకి బట్టల కొట్టు ఉంది, నేసేవాళ్లంతా తెలిసినవాళ్లే. బరంపురం పట్టు చీరకి అంచున గుడి గోపురాల వరసలా పళ్లు పళ్లుగా వచ్చే నేత ఉంటుంది. దాన్ని ఫొడా కుంభ అంటారు. మగవాళ్లకి పంచె, ఉత్తరీయం కలిపి నేసే జతకి జోడా అని పేరు. ఈ రెండిటికీ కలిపే భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుంట మగ్గం మీద కూర్చున్న పెద్దాయన కప్పారావుని చూసి నవ్వలేదు. వాణ్ణి తీసి పడుగు పక్కన బల్ల మీద పెట్టుకున్నాడు. దారం మోసే నాడె ఇటూ అటూ ఉరుకుతుంటే వాడి కాళ్లు ఆ దెబ్బకి కొద్దికొద్దిగా ఎగురుతున్నాయి. ఆ వీడియోని పిల్లలు మళ్లీ మళ్లీ వేయించుకున్నారని టీచరమ్మ చెప్పింది. బయల్దేరబోతుంటే ఆయన కత్తిరింపుల గంపలోంచి ఎర్రంచు ముక్క ఒకటి తీశాడు. కప్ప నడుముకి కొలిచి సగానికి చించాడు. ఒకటి పంచె, ఒకటి ఉత్తరీయం. "ఊరికొచ్చిన మగాణ్ణి జోడా పెట్టకుండా పంపుతామా?" అన్నాడు. అప్పుడూ నవ్వలేదు.

ఆ వీధిలోనే ఒక ముసలావిడకి కప్పని చూడగానే కప్పతల్లి గుర్తొచ్చింది. వానలు పడకపోతే రోకలికి వేపమండలు కట్టి, దానికి కప్పని కట్టి ఇంటింటికీ తిప్పితే జనం బిందెలతో నీళ్లు పోసేవాళ్లు కదా, తన చిన్నప్పుడు తానూ మోశానంది. చెంబు తీసుకురమ్మని మనవణ్ణి కేకేసింది కూడా. ఉతకకూడదు, నీళ్లు తగలకూడదు అని బతిమాలుకున్నాను. "నీళ్లు తగలని కప్పేమిటే!" అని ఆవిడ ఆశ్చర్యపోయింది. న్యాయమే.

రుషికుల్య నది దగ్గర తాబేళ్లని చూపించాలని నాకు పట్టుదల. ఫిబ్రవరి, మార్చిల్లో పురుణబంధ ఊరి పక్క ఒడ్డుకి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ సముద్రంలో తీరం నుంచి ఇరవై కిలోమీటర్ల లోపు చేపల వేట నిషేధం. అవి వచ్చేది ఎక్కువగా రాత్రిపూట. అటవీ శాఖవాళ్లు దూరంగానే ఆపేస్తారు. టార్చి వద్దు, ఫ్లాష్ వద్దు, మాట్లాడొద్దు. వెలుతురు చూస్తే తల్లులు బెదిరి వెనక్కి పోతాయి. పిల్లలైతే సముద్రం వదిలేసి వెలుగున్న వైపే పాకుతాయి. చీకట్లో నల్లటి రాయిలాంటిదొకటి కదిలింది, ఇసక ఎగిరి పడుతున్న చప్పుడు విన్నాం. అంతకుమించి ఏమీ కనిపించలేదు. ప్రతి ఫొటోలో కప్ప ఉండాలంటే ఎలా? డైరీలో ఒక పేజీ మొత్తం స్కెచ్ పెన్నుతో నల్లగా నింపి, "ఇందులో నేనున్నాను, తాబేలూ ఉంది" అని కింద రాశాను. పొద్దున మళ్లీ వెళ్లి, దూరంగా వదిలిన ఒక జాడ పక్కన వాణ్ణి కూర్చోబెట్టాను. తాబేలు నడిచిన జాడ అచ్చం ట్రాక్టరు టైరు ముద్రలా ఉంటుంది. అయినా క్లాసులో అందరికీ నచ్చింది నల్ల పేజీయేనట.

జిరంగ్ బౌద్ధ విహారానికి ప్రయాణం పెద్దది. దిగపహండి మీదుగా తప్తపాణి ఘాటు ఎక్కాలి. తప్తపాణిలో వేడి నీటి బుగ్గ ఉంది. గంధకం వాసనకి మా అత్తగారు ముక్కు మూసుకున్నారు, అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. చంద్రగిరి చుట్టుపక్కల టిబెట్ వాళ్ల శిబిరాలున్నాయి. 1963లో వచ్చి స్థిరపడ్డారు, మొక్కజొన్న పండిస్తారు. జిరంగ్‌లో వాళ్లు కట్టుకున్న పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. గుమ్మం దగ్గర నా చేతిలో బొమ్మని చూసి ఒక కుర్ర సన్యాసి ఒడియాలో, "దీన్నీ లోపలికి తేవచ్చు, చెప్పులు మాత్రం విప్పాలి" అన్నాడు. కప్పారావుకి చెప్పులు లేవని ఇద్దరం చూసుకుని నవ్వుకున్నాం. ఫొటో మాత్రం బయట మెట్ల మీదే తీశాను. లోపల అంతమంది ధ్యానంలో ఉంటే నేలమీద బోర్లా పడుకోవడం బాగుండదనిపించింది.

అసలు కథ తిరుగు బస్సులో. కొండ దిగుతుంటే ఒక తల్లి చంటిదాన్ని ఎత్తుకుని ఎక్కి నా పక్కన కూర్చుంది. రెండేళ్లుంటాయేమో ఆ పిల్లకి. కప్పారావు కాలొకటి పట్టుకుని నోట్లో పెట్టుకుని నిద్రపోయింది. దిగపహండిలో వాళ్లు దిగాలి. కాలు లాగితే పిల్ల లేచి శోకాలు మొదలుపెట్టింది. తల్లి సిగ్గుతో చచ్చిపోతోంది, నాకేమో వదిలేద్దామంటే ముప్పైమంది పిల్లల సొత్తు. బిస్కెట్ పనికిరాలేదు. మా ఆయన తాళంచెవుల గుత్తి పనికిరాలేదు. చివరికి కండక్టర్ తన మెడలోని ఈల తీసి ఇచ్చాడు. పిల్ల కప్ప కాలు వదిలి ఈల నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదింది. డ్రైవర్ బండి ముందుకురికించాడు. తల్లి ఇంకా మెట్టు మీదే ఉంది. బస్సంతా ఒక్కసారి, తెలుగులో కొందరు, ఒడియాలో కొందరు, ఆపమని అరిచారు. ఈల తిరిగి తీసుకోవడానికి పట్టిన టైము గురించి డ్రైవర్ దారంతా సణుగుతూనే ఉన్నాడు.

పర్లాకిమిడికి పూరీ–గుణుపూర్ బండిలో వెళ్లాం. 1900లో నౌపడా నుంచి వేసిన చిన్న లైను అది, ఇప్పుడు పెద్ద పట్టాలు పడ్డాయి. కొమ్ముతో దువ్వెనలు, కొంగలు చేసే పనివాళ్ల దగ్గర కాసేపు కూర్చున్నాం. ఊరు దాటి ఆటోలో పాతపట్నం వెళ్లి నీలమణి దుర్గమ్మని చూసి వచ్చేశాం. "ఒక్క పూటలో రెండు రాష్ట్రాలు తిరిగాను" అని కప్పారావు చేత గొప్పలు చెప్పించాను. గిడుగు రామమూర్తి గారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. సవరల భాష నేర్చుకుని దానికి పుస్తకాలు రాసిందీ, మాట్లాడే తెలుగే రాయాలని పోరాడిందీ ఇక్కడి నుంచే. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. "వచ్చితిని, జన్మించిరి" అని నేను రాసిన మొదటి పేజీ ఆయన చూసి ఉంటే ఏమనేవారో.

కప్పారావు తర్వాతి మజిలీ మహారాష్ట్రలో, నాందేడ్ జిల్లా ధర్మాబాద్. క్లాసులో ఇంకో అబ్బాయి మేనమామ ఇల్లు. స్పీడ్ పోస్టులో పంపడానికి పెట్టె తీసుకెళ్తే కౌంటర్లో ఆయన చిల్లుల వంక చూసి, లోపల ఏముందన్నాడు. కప్ప అన్నాను. ప్రాణముందా అన్నాడు. విప్పి చూపిస్తే, పట్టు జోడా కట్టుకున్న కప్పని చూసి పక్క కౌంటర్లవాళ్లు కూడా లేచి వచ్చారు. క్యూలో వెనకున్నాయన కూడా విసుక్కోలేదు, ఫొటో తీసుకున్నాడు. పెట్టె తీసుకోవాలంటే చిల్లులకి టేపు వేయాల్సిందే అన్నారు. వేశాను. ఈ విషయం రెండో తరగతికి చెప్పొద్దని తమ్ముడికి గట్టిగా చెప్పాను.

పెట్టె చేరిందని ధర్మాబాద్ నుంచి ఆ అబ్బాయి మేనమామ ఫోన్ చేశారు. క్షేమసమాచారాలు, అక్కడి ఎండలు, బరంపురంలో పట్టు చీరల ధరలు అన్నీ అయ్యాక కాస్త మొహమాటంగా, "అక్కయ్యా, వేరేగా అనుకోకండి, మీ కప్ప చేపల వాసన వస్తోంది" అన్నారు. గోపాల్‌పూర్ బుట్ట సంగతి చెప్పాను. నీడలో ఎన్నిసార్లు ఆరబెట్టినా పోలేదన్నాను.

"ఉతకకూడదని రాసి ఉందిగా మరి?"

"అదే కదండీ" అన్నాను.

"మా ఇంట్లో పిల్లి ఉంది" అన్నారు ఆయన.