బుధవారం, బాలింత షుగరు

టీకాల రోజు కదా, పొద్దున్నే క్లినిక్ వరండా అంతా పిల్లల ఏడుపులు. నేను మాత్రం ఒక బాలింత కోసం చూస్తున్నాను. కడుపుతో ఉన్నప్పుడు గ్లూకోజు నీళ్లు తాగించి చూస్తే రెండు గంటలకి రక్తంలో షుగరు 140 దాటింది. పథ్యంతో నెట్టుకొచ్చింది, కాన్పయ్యాక తగ్గిపోయింది. దాంతో ఇంట్లోవాళ్లు ఆ సంగతి మర్చిపోయారు. ఇలాంటి ఆడవాళ్లకి మున్ముందు అసలు షుగరు వచ్చే ప్రమాదం మిగతావాళ్లకంటే ఏడు రెట్లు పైనే.

అందుకే ఆరు వారాలకి మళ్లీ పరీక్ష చెయ్యాలి. బిడ్డకి పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి ఒకే టీకా) మొదటి డోసూ అప్పుడే. తన కోసం రమ్మంటే రాదు, బిడ్డ సూదికైతే వానలోనైనా వస్తుంది. నిన్ననే ఆశా చేత కబురంపాను, పరగడుపున రమ్మని.

వాళ్లమ్మ గుమ్మంలోనే అందుకుంది. "బాలింతని పస్తుంచుతారేటమ్మా? పాలెండిపోవా?"

"రాత్రి తిన్నాక పొద్దుటిదాకానే పిన్నీ. మంచినీళ్లు తాగొచ్చు, బిడ్డకి పాలూ ఇవ్వొచ్చు."

"షుగరు పురిటితోనే పోనాది గదా, మళ్లీ ఏటి చూడ్డం?"

ముందు ఒకసారి వేలు పొడిచి, 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి కూర్చోబెట్టాను. ఆ రెండు గంటలూ పథ్యం కబుర్లే: నెయ్యేసిన వేడన్నం, వెల్లుల్లి కారం, పగటి నిద్ర. పథ్యంతో తగువు పెట్టుకుంటే నా మాట ఎవరూ వినరు. ఒక గరిటె అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర పెంచమన్నాను, సాయంత్రం బిడ్డని అమ్మమ్మకిచ్చి వీధి చివరిదాకా నడవమన్నాను. చోడి (రాగి) అంబలి తాగితే షుగరు రాదని వాళ్ల నమ్మకం. మంచిదే గానీ గిన్నెలకి గిన్నెలు తాగితే అదీ పిండే. చనుపాలు ఇవ్వడం తల్లికీ రక్షణే అంటే మాత్రం ఇద్దరూ నన్ను వింతగా చూశారు.

పరగడుపున 98, రెండు గంటలకి 156. 200 దాటలేదు కాబట్టి షుగరు కాదు, 140 లోపూ లేదు కాబట్టి మామూలూ కాదు.

"మాత్రలివ్వరేటి?"

"ఇప్పుడొద్దు."

"అయితే ఏటీ లేనట్టే!"

బోర్డర్‌లో ఉన్నవాళ్లతో నాకెప్పుడూ ఇదే తంటా. చేతిలో మాత్ర పెట్టకపోతే జబ్బు మాటే నమ్మరు. ఇలా బోర్డర్‌లో ఉన్నవాళ్ల మీద చెన్నైలో చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగరు రావడం మూడేళ్లలో 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వేసుకున్నవాళ్లలో 26.4. మాత్ర కంటే నడక ఏమీ తక్కువ తినలేదు! ఈ లెక్క పిన్నికి చెప్పాను. "నడిస్తే డబ్బులవ్వవు కూడానూ" అంది, అదొక్కటే నచ్చినట్టుంది.

వచ్చే నెల ఆ బాలింత రాజాం వైపు అత్తారింటికి వెళ్లిపోతుంది. ఏడాదికోసారి పరీక్ష, మళ్లీ కడుపు నిలిస్తే మొదట్లోనే ఇంకోటి. అక్కడెవరు గుర్తుపెట్టుకుంటారు? తల్లి చీటీ పోయినా బిడ్డ టీకా కార్డు పోదు కాబట్టి దాని వెనకే అంకెలన్నీ రాశాను. ఆ ఊరి ఏఎన్‌ఎమ్‌కి ఫోన్ చేస్తే, "షుగరు ఉన్నట్టా లేనట్టా? ఏ గడిలో రాయాలక్కా?" అంది. పేరు పక్కన ఖాళీలో ఎర్రపెన్నుతో రాసుకోమన్నాను.