అమ్మ ఒబామాకేర్, తెనాలి ఇంటి అద్దె: నా అనుభవం

అమ్మ ఒబామాకేర్‌కి (ఆదాయాన్ని బట్టి సర్కారు సబ్సిడీ ఇచ్చే అమెరికా ఆరోగ్య బీమా) 2026 జనవరి ప్రీమియం నిన్న రాత్రే కట్టాను. నెలకి 28 డాలర్లు. ఇదే ప్లాన్‌కి 2025 నవంబరు మొదట్లో ఒబామాకేర్ వెబ్‌సైట్ చూపించిన అంకె 1,280. ఈ రెండు అంకెల మధ్య ఏం జరిగిందో వేడి తగ్గకముందే రాసేస్తున్నాను. అమెరికాలో అమ్మానాన్నల్ని గ్రీన్ కార్డు మీద దగ్గర పెట్టుకున్నవాళ్లకి పనికొస్తుంది. మిగతావాళ్లు కనీసం ఏజెంటు కథ వరకైనా చదవండి.

మేం ఉండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన. అమ్మకి 71. తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్ మిస్ట్రెస్‌గా రిటైరైంది. నాన్న పోయాక నా దగ్గరికి వచ్చేసింది, 2022లో గ్రీన్ కార్డు వచ్చింది. ఇండియాలో చాలా కంపెనీల ఇన్సూరెన్సులో అమ్మానాన్నల్ని చేర్చుకోవచ్చు. ఇక్కడ నా కంపెనీ ప్లాన్‌లో భార్యాపిల్లలకే చోటు. 65 దాటితే సర్కారు బీమా మెడికేర్ ఉంది కదా అంటారు చాలామంది. ఇక్కడ ఉద్యోగం చేసి పన్ను కట్టనివాళ్లు ఈ దేశంలో వరసగా ఐదేళ్లు ఉంటేగానీ దాన్ని డబ్బు పెట్టి కూడా కొనుక్కోలేరు. అంటే అమ్మకి 2027 దాకా దారి లేదు. విజిటర్ ఇన్సూరెన్సు పాత జబ్బుల్ని ముట్టుకోదు; షుగరు, బీపీ, ఒక స్టెంటు ఉన్న మనిషికి అది దండగ. అందుకని ఇన్నాళ్లూ ఒబామాకేరే. అమ్మ సొంత పెన్షను, నాన్న తరఫున వచ్చే ఫ్యామిలీ పెన్షను, బ్యాంకు వడ్డీ, అన్నీ చూపించి ఏటా ఇక్కడ టాక్స్ రిటర్న్ వేస్తున్నాం. ఆ ఆదాయానికి ప్రీమియం సున్నా పడేది.

2026కి ఒకేసారి రెండు దెబ్బలు పడ్డాయి. ఈ రెండూ వేరువేరన్న సంగతి ఏజెంట్లకే సరిగ్గా తెలీదు.

మొదటిది అందరికీ తెలిసిందే. కోవిడ్ టైములో, 2021లో, సబ్సిడీలు పెంచారు. 2022లో ఇంకో చట్టం చేసి 2025 చివరిదాకా లాగారు. 2025 డిసెంబరు 31తో సరి. దీని గొడవ మీదే 2025 అక్టోబరు 1 నుంచి 43 రోజులు గవర్నమెంటు మూతపడింది. డిసెంబరు 11న సెనేట్‌లో పొడిగింపు ఓటింగుకొస్తే 60 కావాల్సిన చోట 51 వచ్చాయి. అయిపోయింది.

మాకు తగిలింది రెండోది. పేదరికం గీత కన్నా తక్కువ ఆదాయం ఉండి, గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు నిండని వాళ్లకి పేదల కోసం ఉన్న సర్కారు బీమా మెడికెయిడ్ రాదు కాబట్టి ఒబామాకేర్ సబ్సిడీ ఇచ్చేవాళ్లు. 2025 జులై 4న సంతకమైన కొత్త చట్టం 2026 జనవరి నుంచి దాన్ని ఎత్తేసింది. 2026 ప్లాన్లకి ఆ గీత ఒక మనిషికి ఏడాదికి 15,650 డాలర్లు. అమ్మ ఆదాయం మొత్తం కలిపి 12 లక్షల రూపాయలు. డాలరుకి 88 లెక్కన 13,600 చిల్లర. అంటే ఇంకో రెండు వేల డాలర్లు ఎక్కువ సంపాదిస్తే ప్రీమియం దాదాపు మొత్తం సర్కారే కడుతుంది, తక్కువ సంపాదిస్తే పైసా ఇవ్వదు. ఉన్నవాడికే పెట్టే ధర్మం!

నవంబరులో వెబ్‌సైట్ తెరిచి పాత వివరాలే నొక్కితే సబ్సిడీ గడిలో ఏమీ లేదు. ఏడాదికి 15 వేల పైచిలుకు కట్టమంది. అంటే అమ్మ ఏడాది ఆదాయం కంటే ఎక్కువ.

అప్పుడు వెళ్లాం ఆ ఏజెంటు దగ్గరికి. పేరు, ఊరు అనవసరం. మనవాడే. గుడి దగ్గర స్ట్రిప్ మాల్‌లో ఆఫీసు, గోడకి వెంకన్న ఫోటో, దాని కింద ఇన్సూరెన్సు కంపెనీ వాళ్లు ఇచ్చిన షీల్డులు. బయట కుర్చీల్లో అందరూ మనవాళ్లే. సగం మంది పక్కన తల్లో తండ్రో ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. అమ్మ సంతకం కావాలేమోనని నేనే తీసుకెళ్లాను.

మేం కూర్చోగానే స్క్రీన్ చూసి నవ్వాడు. "ఆంటీ, ఇన్నేళ్లూ ఫ్రీగా ఎంజాయ్ చేశారుగా!" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. నేను పెన్షన్ లెక్కలు, గీతకి ఎంత తక్కువైందో చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. "అవన్నీ వద్దు బ్రదర్, ఇండియా పెన్షన్లు పెడితే కాంప్లికేట్ అవుతుంది. సింపుల్‌గా బేబీసిటింగ్ పెట్టేద్దాం. ఎవరో ఒకళ్ల పిల్లల్ని చూసుకుంటున్నట్టు లెటర్ నేనే అరేంజ్ చేస్తాను. ఈ సీజన్‌లో అందరి పేరెంట్స్‌కీ అదే చేస్తున్నా."

అమ్మ కళ్లజోడు సర్దుకుని, "ఎంత జీతం ఇస్తున్నట్టు రాస్తావు బాబూ?" అని అడిగింది.

"నెలకి పద్నాలుగొందలు రాద్దాం ఆంటీ."

"అందులో నా చేతికి ఎంత ఇస్తావు?"

బయట కూర్చున్నవాళ్లలో ఎవరో నవ్వారు. తలుపు తెరిచే ఉంది. వాడికి ఎక్కడో కాలింది. మొహంలో నవ్వు పోయి, "ఇదేం జోక్ కాదాంటీ, మీకు హెల్ప్ చేద్దామని చూస్తున్నా" అన్నాడు.

"నాకు పిల్లల్ని చూసుకోవడం చిన్నతనం కాదు. ముప్పై ఏళ్లు అదే పని. చెయ్యని పనికి సంతకం మాత్రం పెట్టను. రాని రోజు హాజరు పట్టీలో సంతకం పెట్టిన టీచర్లకి మెమోలు ఇచ్చినదాన్ని."

అక్కడితో ఆగి ఉంటే ఆ రోజు అమ్మదే. వాడు నా వైపు తిరిగి, అమ్మకి అర్థం కాదనుకున్నాడో ఏమో, ఇంగ్లీషులోకి దిగాడు. ఆవిడ వయసుకి ఇక్కడ ఇన్సూరెన్సు కొనడం తెలివితక్కువ పనట, ఇండియా పంపించెయ్యమన్నాడు, వన్ వే టికెట్ ఒక నెల ప్రీమియం కంటే చవకట, ఏదైనా అయితే అక్కడే కానిచ్చెయ్యొచ్చట. ఆ 'ఏదైనా అయితే' దగ్గర చెయ్యి గాల్లో ఊపాడు. అమ్మ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పింది. నేను ఏదో అరవబోయాను, నోట్లోంచి మాట పెగల్లేదు. అమ్మే లేచి, ఫైలు తాడు నిదానంగా ముడేసి, "పదరా" అంది. బయట కూర్చున్న పెద్దాయన ఒకాయన అమ్మకి నమస్కారం పెట్టాడు. కారెక్కాక ఇల్లు చేరేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ రాత్రి అన్నం తింటూ, "టికెట్ నిజంగా ఎంతుందో చూడు" అంది మామూలుగా.

ఇంకో మాట చెప్పాలి. వాడు చెప్పిన దొంగ దారిలో అవమానం ఒక్కటే కాదు, ప్రమాదం కూడా ఉంది. అప్లికేషన్ మీద అబద్ధమాడితే శిక్షకి సిద్ధమన్న మాట కింద సంతకం చేస్తున్నాం. పైగా ఇదివరకు తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు ఎక్కువ సబ్సిడీ తీసుకున్నట్టు తేలినా తిరిగి కట్టాల్సినదానికి ఒక పరిమితి ఉండేది. 2026 నుంచి అదీ లేదు, ఎక్కువ తీసుకున్నది ఎంతైతే అంతా కక్కాలి. అప్పుడు ఏజెంటు ఫోనెత్తడు. అతని కమీషన్ అతనికి వచ్చేసి ఉంటుంది.

టికెట్ నేను చూడలేదు. మర్నాడు పొద్దున్న అమ్మే తన పొడుగు పుస్తకం తీసింది. ఆవిడ పెన్షన్ లెక్క అంతా అందులోనే, డీఏ ఎప్పుడు ఎంత పెరిగిందో తేదీలతో సహా. "తక్కువైంది లక్షా ఎనభై వేలేగా. తెనాలి ఇల్లు అద్దెకిస్తే రావూ?" అంది. ఆ ఇల్లు అమ్మ వచ్చినప్పటి నుంచీ తాళం వేసే ఉంది. అద్దెకిద్దామని నేను ఎన్నిసార్లు అడిగినా నాన్న పుస్తకాలున్నాయని ఒప్పుకోలేదు. ఇప్పుడు తనే బాబాయికి ఫోన్ చేసి, పుస్తకాలు ఒక గదిలో పెట్టి తాళం వేయించి, పైనా కిందా రెండు పోర్షన్లూ అద్దెకి పెట్టించింది. పుష్యమాసం వస్తే ఎవరూ ఇల్లు మారరని మార్గశిరంలోనే పాలు పొంగించేలా తొందరపెట్టింది. రెండూ కలిపి నెలకి 17 వేలు. మున్సిపాలిటీ పన్ను, ఇంటి తరుగుదల తీసేస్తే ఏడాదికి లక్షా ఎనభై ఐదు వేలు చూపించొచ్చని మా సీపీఏ (టాక్స్ లెక్కలు చూసే అకౌంటెంటు) లెక్క కట్టాడు. మొత్తం 13 లక్షల 85 వేలు. 88తో భాగిస్తే 15,738. గీత మీద 88 డాలర్లు ఎక్కువ!

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. డిసెంబరు మొదటి వారంలో రూపాయి చరిత్రలో మొదటిసారి 90 దాటింది. అదే 13.85 లక్షలు ఇప్పుడు 15,389. మళ్లీ గీత కింద. రూపాయి పడితే ఇండియాకి డబ్బు పంపేవాళ్లకి పండగ, మాకేమో ముంబైలో రిజర్వు బ్యాంకు ఏం చేస్తోందా అని టెన్షన్. సేవింగ్స్ ఖాతాలో ఊరికే పడున్న 15 లక్షల్ని ఎన్ఆర్ఓ (విదేశాల్లో ఉండేవాళ్ల రూపాయి ఖాతా) ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేశాం (ఎన్ఆర్ఓలో సీనియర్ సిటిజన్ల అదనపు వడ్డీ ఇవ్వరు, అడిగి లాభం లేదు). ఏడాదికి ఇంకో 60 వేలు కలిసింది. ఇప్పుడు రూపాయి 92 దాకా జారినా గీత పైనే ఉంటాం. అంతకంటే పడితే బాబాయిని అద్దె పెంచమనాలి.

అప్లికేషన్ నింపడం గంటలో అయిపోయింది. పెన్షన్, అద్దె, వడ్డీ విడివిడిగా డాలర్లలో వెయ్యాలి. ఆదాయం ఇంత ఉన్నాక అమ్మని నా టాక్స్‌లో డిపెండెంట్‌గా చూపడానికి ఎలాగూ కుదరదు, విడిగా ఫైల్ చేస్తున్నట్టే పెట్టాలి. అలా కాకుండా నా ఆదాయంతో కలిపితే లెక్క మొత్తం తలకిందులు.

ఒక్క చోటే ఆగింది. వయసు 71 అని కనబడగానే మెడికేర్‌కి వెళ్లమంటుంది. కాల్ సెంటర్ అమ్మాయీ అదే పాట. ఐదేళ్లు నిండలేదని, మెడికేర్‌లో ఆస్పత్రి ఖర్చులు చూసే పార్ట్ ఏ ఉచితంగా రాదని, అలాంటివాళ్లకి సబ్సిడీ ఇవ్వొచ్చని నేను చెబితే సూపర్‌వైజర్‌కి కలిపింది, ఆవిడ ఔనంది. మీరూ ఫోన్ చేస్తే మొదట ఎత్తినవాళ్లతో వాదించకండి, పైవాళ్లని అడగండి. మేం తీసుకున్నదాన్ని 94 శాతం సిల్వర్ ప్లాన్ అంటారు (వైద్యం ఖర్చులో సగటున అంత ప్లానే భరిస్తుంది), ఈ ఆదాయానికి డిడక్టిబుల్, అంటే బీమా ఇవ్వడం మొదలెట్టేముందు మనం పెట్టుకోవాల్సిన ఖర్చు, చాలా తక్కువ. బ్రాంజ్ ప్లాన్ చవగ్గా కనిపిస్తుంది కానీ స్టెంటున్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

మా వీధిలోనే ఇంకో తెలుగు దంపతులున్నారు, అరవై దగ్గర, సొంత వ్యాపారం. వాళ్లది అటు చివర సమస్య. 2026కి ఇద్దరి ఆదాయం 84,600 డాలర్లు దాటితే ఇక సబ్సిడీ సున్నా. 2025 దాకా ఎంత సంపాదించినా ప్రీమియం ఆదాయంలో 8.5 శాతం దగ్గర ఆగేది. ఆయన 86 వేలు చూపిస్తే ఏడాదికి ఇరవై వేలు మీద పడుతోందని రిటైర్మెంట్ ఖాతాలో డబ్బు వేసి ఆదాయం గీత కిందకి దించుకుంటున్నాడు. మేం పైకి ఎక్కించుకోవడానికి, ఆయన కిందకి దించుకోవడానికి ఒకే సీపీఏ దగ్గర కూర్చున్నాం. హెచ్-1బీ, హెచ్-4 వీసాల మీద ఉండి ఒబామాకేర్ ప్లాన్ తీసుకున్నవాళ్లు మాత్రం 2027 నుంచి ఆశ వదులుకోవాలి, అప్పటి నుంచి వాళ్లకి సబ్సిడీయే లేదు.

2026 ప్లాన్‌లో చేరడానికి ఆఖరి గడువు 2026 జనవరి 15, అప్పుడు చేరినవాళ్లకి ప్లాన్ ఫిబ్రవరి నుంచి మొదలు. పెన్షన్ స్టేట్‌మెంట్లు, అద్దె కాగితం, బ్యాంకు వడ్డీ సర్టిఫికెట్లు ఇప్పుడే స్కాన్ చేసి పెట్టుకోండి, ఎప్పుడైనా అడగొచ్చు.

ఏప్రిల్లో ఇండియా వెళ్లాలి. తెనాలిలో ఎక్కడ దిగాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. బాబాయి వాళ్లింట్లో దిగుదామంటోంది అమ్మ, నేను హోటలంటున్నాను.