మూడో సిలిండర్

శుక్రవారం, రాత్రి పదిన్నర.

చేతులు రెండుసార్లు సబ్బు పెట్టి కడిగినా గోళ్లలో నలుపు పోలేదు. అయినా ఇవాళ్టిది రాసే పడుకుంటాను, పది రోజుల టెన్షన్ సాయంత్రానికి తీరింది.

నాన్న వంటమేస్త్రి. గుండిగలు, బాండీలు, గ్యాస్ పొయ్యిలు అన్నీ మా 1999 మోడల్ మారుతి ఓమ్నీలోనే, మంగళగిరి నుంచి తెనాలి, గుంటూరు, పెళ్లి ఎక్కడయితే అక్కడికి. మొన్న 2024లో గ్రీన్ టాక్స్ కట్టి ఆర్సీ రెన్యువల్ కూడా చేయించుకున్నాడు, అంత ఇష్టం ఆ బండంటే. పాత ఇంజన్ ఏడాదిగా ఆయిల్ తాగుతూ, చివరికి హీటెక్కి పట్టేసింది. ఓమ్నీ తయారీ 2019లోనే ఆగిపోయింది కాబట్టి విజయవాడ ఆటోనగర్‌లో రెండు రోజులు తిరిగి అదే 796 సీసీ, కార్బొరేటర్‌తో (గాలినీ పెట్రోలునీ కలిపే భాగం) నడిచే ఇంజన్ సెకండ్‌హ్యాండ్‌లో పట్టుకుని ఎక్కించాం. అన్నీ కలిపి ముప్పై వేలు దాటింది.

ఎక్కించిన రోజు నుంచే మిస్సింగ్, అంటే ఒక సిలిండర్ సరిగ్గా మండక ఇంజన్ తడబడటం. రోడ్డు మీద నలభై దాటితే హాయిగా పోతుంది, సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం ఒళ్లంతా వణుకు, చౌక్ (పెట్రోలు పాళ్లు పెంచే పిడి) కొంచెం లాగితే కుదురుకుంటుంది, వదిలితే మళ్లీ మొదలు. ఓమ్నీలో ఇంజన్ ముందు సీట్ల కిందే కదా, ఆ వణుకంతా నేరుగా నాన్న నడుముకే. బిగించిన వాళ్ల దగ్గరికి మూడుసార్లు వెళ్లాం. ఒకసారి కార్బొరేటర్ విప్పి కడిగారు, ఒకసారి టైమింగ్ సెట్ చేశారు, మూడోసారి స్లో స్క్రూ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ వేగం సరిచేసే మర) పెంచి పంపేశారు. స్లో పెంచితే వణుకు కనపడకుండా పోతుంది, జబ్బు అలాగే ఉంటుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. నాన్న బయటికి అనలేదు కానీ చచ్చిన ఇంజన్ కొన్నామని అనుకుంటున్నాడని మొహం చూస్తేనే తెలుస్తోంది. ఆదివారం తెనాలిలో పెళ్లి వంట, నాలుగు వందల మందికి.

ఇవాళ సెలవు పెట్టాను. మా వీధి చివర మెకానిక్ అన్న మధ్యాహ్నం నుంచి నాతోనే ఉన్నాడు. సీటు పైకెత్తి అన్న మొదట చెప్పిన మాట: "తమ్ముడూ, ఒక్కోటే మారుద్దాం, రెండు కలిపి ముట్టుకున్నామంటే ఏది పనిచేసిందో తెలీదు." స్లో స్క్రూ తగ్గించి అసలు వణుకు బయటికి రప్పించాం. ప్లగ్ వైర్లు ఉండాల్సినట్టే, సిలిండర్లు మండే ఒకటి-మూడు-రెండు వరుసలోనే ఉన్నాయి. ఇంజన్ నడుస్తుండగా రబ్బరు పిడి కటింగ్ ప్లేయర్‌తో ఒక్కో వైరూ లాగి చూశాడు. ఒకటోది లాగితే ఇంజన్ ఆగిపోబోయింది, రెండోదీ అంతే. మూడోది లాగితే పెద్ద తేడా లేదు. మూడు సిలిండర్ల బండిలో ఒకటి పని మానేస్తే మూడో వంతు పోయినట్టే, వణక్క ఏం చేస్తుంది?

ప్లగ్గులు విప్పాం. రెండు ఇటుక రంగులో బాగున్నాయి, మూడోది తెల్లగా సున్నం పూసినట్టుంది. ఆ ప్లగ్గూ వైరూ తీసి రెండోదానికి మార్చినా మిస్సింగ్ మూడోదాన్ని వదల్లేదు, అంటే కరెంటు తప్పు కాదు. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టేటప్పుడు నాన్న వచ్చి వెనకాల నిలబడ్డాడు. నాకు గొంతు ఎండిపోయింది, ఇది పోతే ముప్పై వేలూ పోయినట్టే. మూడింటికీ వరసగా 160, 155, 160. అన్న గేజ్ నాన్నకే చూపించి "బాబాయ్, ఇంజన్ బంగారంలా ఉంది" అన్నాడు. నాన్న ఏమీ అనకుండా లోపలికి వెళ్లి మూడు టీలు పట్టుకొచ్చాడు.

కంప్రెషన్ ఉంది, కరెంటు ఉంది, ప్లగ్ తెల్లగా ఉంది. అంటే ఆ సిలిండర్ ఎక్కడి నుంచో దొంగ గాలి లాగుతోంది. స్లోలో కార్బొరేటర్ తలుపు దాదాపు మూసే ఉంటుంది, ఇంజన్ గట్టిగా పీలుస్తుంది, అప్పుడు చిన్న సందులోంచి వచ్చే గాలి కూడా గాలి-పెట్రోలు పాళ్లు చెడగొడుతుంది. యాక్సిలేటర్ తొక్కితే ఎలాగూ బోలెడు గాలి వస్తుంది కాబట్టి ఆ కొంచెం లెక్కలోకి రాదు. మా బండి రోడ్డు మీద బాగుండి సిగ్నల్ దగ్గర వణికింది అందుకే. పది రోజులుగా బండి ఇదే చెబుతోంది, మేమే వినలేదు. కొందరు ఇలాంటప్పుడు పెట్రోలు చల్లి చూస్తారు, వేడి ఇంజన్ మీద దయచేసి ఎవరూ ఆ పని చెయ్యొద్దు. మేం సబ్బునీళ్లు స్ప్రే చేశాం. కార్బొరేటర్ నుంచి సిలిండర్లకు గాలి-పెట్రోలు పంచే ఇన్లెట్ మానిఫోల్డ్ వెనక మూల, గేరుబాక్సు వైపు నీళ్లు పడగానే సుయ్యిమని లోపలికి లాక్కుంది, రెండు క్షణాలు ఇంజన్ కుదురుగా కొట్టింది, మళ్లీ వణికింది. అన్న నా వంక చూశాడు.

కూలెంట్ దించి మానిఫోల్డ్ విప్పితే పాత ప్యాకింగే మళ్లీ వేసి ఉంది, మూడో సిలిండర్ దగ్గర చిట్లిపోయి. ఆ మూలన చెయ్యి దూరదు, అక్కడి నట్టు చేత్తో తిప్పి వదిలేశారు, పానా పడనే లేదు. నాకు నిజంగా కోపం వచ్చింది. ఇంజన్ దించినప్పుడు కొత్త ప్యాకింగ్ వేయడానికి అయ్యే ఖర్చెంత? అరవై దాటిన మనిషి పది రోజులు నిద్ర లేకుండా గడిపాడు.

కొత్త ప్యాకింగ్ వేసి, పన్నెండు నంబర్ బాక్సు పానాకి పొడుగు రాడ్డు తగిలించి నట్లన్నీ మధ్య నుంచి చివరలకు కొంచెం కొంచెంగా బిగించాం. కూలెంట్ పోసి గాలి తీసి స్టార్ట్ చేసేసరికి ఏడున్నర. ఒక నిమిషం చౌక్, తర్వాత అది తోసేసినా చప్పుడు మారలేదు. నాన్న డ్రైవర్ సీట్లో కూర్చుని ఇంజన్ ఆపనివ్వలేదు, పావుగంట అలాగే స్లోలో ఉంచి విన్నాడు.

ఆదివారం పెళ్లి నుంచి వచ్చాక ప్లగ్గులు మళ్లీ విప్పి మూడోదాని రంగు చూడాలి. సోమవారం ఆర్సీలో ఇంజన్ నంబరు మార్పించడానికి ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లాలి, ఆ బిల్లు బీరువాలో పెట్టాను. గుండిగలు రేపు పొద్దున ఎక్కిద్దామన్నాను. నాన్న అప్పుడే రెండు ఎక్కించేశాడు.